చంకలో బుట్ట ఉన్న దెయ్యం

శనివారం మా బడికి పిల్లలు సంచులు తెచ్చే పని లేదు. పోయిన వానాకాలంలో అలాంటి ఒక శనివారం ముసురు పట్టింది. బయట ఆడుకునే దారి లేక పిల్లలు ఒకటే గోల. తలా ఒక తెల్లకాగితం ఇచ్చి, మీకు తెలిసిన దెయ్యం బొమ్మ గీయండి అన్నాం. చెన్నూరు చుట్టుపక్కల పల్లెల పిల్లలు, నాలుగు, ఐదు తరగతులు కలిపి ఇరవైముగ్గురు. అంత గోల చేసినవాళ్లు ఒక్కసారిగా తలలు వంచేశారు. దెయ్యమంటే పిల్లలకు అంత ఇష్టం.

గంట తర్వాత కాగితాలన్నీ బల్ల మీద పరిచాం. దాదాపు అన్నీ ఆడ దెయ్యాలే. విరబోసిన జుట్టు, తెల్లచీర, నోటి నుంచి కారే నెత్తురు. ఫోన్లలో చూసినవే. నాలుగు బొమ్మలు మాత్రం వేరుగా ఉన్నాయి. ఆ దెయ్యాలకు నుదుట రూపాయంత బొట్టు, చేతిలో బెత్తం, చంకలో బుట్ట. ఆ బుట్ట మాకు తెలుసు. ఈతపుల్లల బుట్ట. ఆ నాలుగింటిలో ఒకటి గీసింది మా ఎరుకల పిల్లే.

ఆ రోజు ఆ పిల్లను ఏమీ అడగలేకపోయాం. కాగితాలు కట్టగట్టి ఇంటికి తెచ్చుకున్నాం. రాత్రి వాటిని చూస్తూ కూర్చుంటే, మేము చదివిన దెయ్యాల పుస్తకాలన్నీ వరసగా గుర్తుకొచ్చాయి.

‘మేము’ అని రాస్తున్నందుకు చదివేవాళ్లు ఏమీ అనుకోవద్దు. మా గుడిసెల్లో ఒక పుస్తకాన్ని ఒక్కరే చదవడం ఎన్నడూ జరగలేదు. అన్నదమ్ముల, అక్కచెల్లెళ్ల పిల్లలం ఆరుగురం. ఒకరు పైకి చదివితే తక్కినవాళ్లు పుల్లలు చీలుస్తూ వినేవాళ్లు. భయం కూడా ఆరుగురికీ కలిపే వచ్చేది. దాన్ని ఇప్పుడు ‘నేను’ అని రాస్తే తక్కిన ఐదుగురి వాటా తీసుకున్నట్టు ఉంటుంది.

మొదట వచ్చింది చందమామ. కొత్తది కొనే తాహతు ఎక్కడిది? మా పెదనాయన గంపలు అమ్మడానికి ప్రొద్దుటూరు పోయినప్పుడు పాతపేపర్ల అంగట్లో తూకానికి తెచ్చేవాడు. అట్టలు ఉండేవి కావు. అయినా బేతాళ కథ ఎక్కడుందో పేజీలు తిప్పగానే తెలిసిపోయేది. భుజాన శవం, చేతిలో కత్తి, చుట్టూ శ్మశానం, శంకర్ వేసిన ఆ బొమ్మ. దాన్ని అరచేత్తో మూసిపెట్టి కింది కథ చదివేవాళ్లం. చందమామ 1947 జులైలో మొదలైంది. దాన్ని పెట్టిన ఇద్దరిలో ఒకరు, బి.నాగిరెడ్డి, మన కడప జిల్లా పొట్టిపాడులో పుట్టినవాడని మాకు టీచర్ ట్రైనింగ్‌లో ఉండగా తెలిసింది. మా జిల్లా మనిషి మద్రాసు పోయి పెట్టిన పత్రిక మా పెదనాయన గంపలో తిరిగొచ్చిందన్నమాట. 2004లో సంతాలీ భాషలో కూడా చందమామ వచ్చింది. ఆ సంగతి విన్నరోజు, ఒక ఆదివాసీ భాషలో బేతాళుడు మాట్లాడాడే అని సంతోషం, మా భాషలో మాట్లాడలేదే అని కొంచెం కుళ్లు, రెండూ కలిగాయి.

మా అవ్వకు చదువు రాదు. సోది చెప్పేది. తెల్లారి బుట్ట, బెత్తం తీసుకుని పోయి, సాయంత్రానికి ఇన్ని బియ్యం, ఏదైనా పాతగుడ్డ తెచ్చేది. రాత్రి మేము బేతాళ కథ చదువుతుంటే అల్లుతూ వినేది. చివర్లో బేతాళుడు ప్రశ్న అడగగానే, విక్రమార్కుడి కంటే ముందే జవాబు చెప్పేసేది. చాలాసార్లు ఆమె జవాబు వేరుగా ఉండేది. మాకు ఆమెదే బాగుండేది. "ఆ పీనుగ బాగానే అడుగుతాంది. రాజుకే తెలివి తక్కువ" అనేది. బేతాళుడు మమ్మల్ని ఎంత భయపెట్టినా, ఆ భయంలో అవమానం లేదు. అతనొక దెయ్యం. కానీ న్యాయం ఏదో అడిగే దెయ్యం. మా అవ్వ చెప్పిన కొరివిదెయ్యాల కథలూ అంతే. అవి పెన్న ఒడ్డున తిరిగేవి, దారి తప్పించేవి, చుట్టకు నిప్పు అడిగేవి. ఇచ్చేస్తే పోయేవి.

తర్వాత వచ్చింది ‘తులసిదళం’. యండమూరి వీరేంద్రనాథ్ ఆ నవలను ఆంధ్రభూమి వారపత్రికలో సీరియల్‌గా రాసినప్పుడు మాలో పెద్దవాళ్లు పాలు తాగుతున్నారు, చిన్నవాళ్లు పుట్టలేదు. మా చేతికి వచ్చేసరికి అది అద్దె పుస్తకాల షాపులో నలిగి నలిగి మూడు ముక్కలైంది. అద్దె ఒక్కరోజుకే కట్టాం. కాబట్టి మూడు ముక్కలను ముగ్గురు పంచుకుని ఒకేసారి చదివారు. చివరి ముక్క ముందు చదివిన మా తమ్ముడు మొదటి ముక్క చదవనే చదవనన్నాడు. కరెంటు లేని ఇల్లు, బయట పందుల గురగుర. దొడ్డికి పోవాలంటే ఇద్దరు కావాలి, ఆ ఇద్దరికి కాపలా ఇంకో ఇద్దరు కావాలి.

నవల తెలియని ఈ తరం పిల్లల కోసం నాలుగు మాటలు. శ్రీధర్, శారద అనే దంపతుల కూతురు తులసి. ఆ పిల్ల పేరున డబ్బుంది. ఆమెను చంపడానికి క్షుద్రప్రయోగం చేయిస్తారు. చేసేవాడు కాద్రా, అడవిలో మాంత్రికుల ఊరి నుంచి వచ్చినవాడు. ఒకవైపు డాక్టర్లు, హిప్నాటిజం, ఇంకోవైపు మంత్రాలు. పిల్లకు వచ్చింది జబ్బా, ప్రయోగమా అనేది చదివేవాడు తేల్చుకోవాలి. ఆ పట్టు చాలా గట్టిది. ఇప్పుడు చదివినా అర్ధరాత్రి దాకా వదలదు. ఆ నవలను మేము తిట్టబోవడం లేదు. మా ఆరుగురికీ లావు పుస్తకం చదివే అలవాటు చేసింది అదే.

అవ్వ అది కూడా వింది. కాద్రా ప్రయోగానికి కూర్చునే చోటికి రాగానే చేతిలో పుల్ల ఆపి అడిగింది. "ఆ పనికి వానికి కూలెంత?"

మేము చెప్పలేకపోయాం.

"అంత తెలిసినోడు గుడిసెలో ఎందుకుండాడు?"

అందరం నవ్వాం. అప్పుడు నవ్వే వయసు. ఆ నవలకు వచ్చిన విమర్శలు తర్వాత కొన్ని చదివాం. మూఢనమ్మకాలు పెంచిందన్నవాళ్లు ఉన్నారు, ఉత్త వ్యాపారం అన్నవాళ్లు ఉన్నారు. మా అవ్వ అడిగిన ప్రశ్న మాత్రం వాటిలో కనబడలేదు. పట్నంలో డబ్బున్న ఇంటి గొడవ, ఆస్తి వాళ్లది, ఆశ వాళ్లది. భయం మాత్రం అడవి నుంచి రావాలి. ఎందుకు?

ఆ ప్రశ్న మా మీదికే రావడానికి ఏడాది కూడా పట్టలేదు. మాలో ఇద్దరం హైస్కూలు చదువుకు హాస్టల్లో చేరాం. అదెక్కడో, ఎవరిదో ఇక్కడ అనవసరం. అక్కడా దెయ్యాల నవలలు చేతులు మారుతున్నాయి. దీపాలార్పాక ఎవరో ఒకరు కథ చెప్పేవాళ్లు, అందరికంటే బాగా చెప్పింది మేమే. ఒకరాత్రి మా పక్క మంచం పిల్లవాడికి జ్వరం వచ్చింది. మర్నాడు పొద్దున ఒకడు అడిగాడు. "మీ అవ్వ సోది చెప్తాదంట కదా? చేతబడి కూడా చేస్తాదా?"

వాడు కోపంగా అడగలేదు. నిజంగా భయపడుతూ అడిగాడు. అదే మాకు తగిలింది. సాయంత్రానికి మా పెట్టె తెరిపించారు. నిమ్మకాయలు ఉంటాయనుకున్నారో, బొమ్మ ఉంటుందనుకున్నారో. సగం అల్లిన చిన్న బుట్ట దొరికింది. చేతులు ఊరుకోక అల్లుకుంటున్నది. దాన్ని కర్రతో బయటికి తోసి తగలబెట్టారు. పిల్లవాడికి మలేరియా అని రెండు రోజుల తర్వాత డాక్టరు చెప్పాడు. బుట్ట గురించి ఎవరూ ఏమీ మాట్లాడలేదు. అంతవరకు మేము పుస్తకం చదివే పక్కన ఉన్నామనుకున్నాం. ఆ రోజు పుస్తకం లోపలి నుంచి బయటికి చూసినట్టయింది. దీపాలార్పాక కథలు చెప్పడం మానేశాం.

మాకు జరిగింది చిన్నది. చేతబడి అనుమానంతో మనుషులను కొట్టి చంపిన వార్తలు మన తెలుగు రాష్ట్రాల పేపర్లలో ఇప్పటికీ వస్తున్నాయి. చనిపోయేది ఎక్కువగా పేదవాళ్లు, ముసలివాళ్లు, ఒంటరి ఆడవాళ్లు. ఏ నవలా ఎవరినీ చంపలేదు, నిజమే. కానీ అనుమానానికి ఒక ముఖం కావాలి. బొట్టు, బుట్ట, బెత్తం, జడలు కట్టిన జుట్టు, తెలియని భాష. ఆ ముఖాన్ని ముందే గీసిపెట్టినవాళ్లు ఉన్నారు.

ఇది తెలుగువాళ్ల ఒక్కరి జబ్బు కాదు. 1897లో వచ్చిన బ్రామ్ స్టోకర్ ‘డ్రాకులా’ను ప్రపంచమంతా చదివింది. అందులో రక్తపిశాచి ఒక జమీందారు. కోట ఉన్నవాడు. అతని పెట్టెలు బండ్ల మీదికి ఎక్కించేది, చివరిదాకా అతనికి కాపలాగా వచ్చేది ఎవరు? గుడారాల్లో బతికే సంచారజాతి వాళ్లు. ఆ దేశంలో మావంటివాళ్లు. దొరవారి దెయ్యానికి కూలీలు. అది చదివినప్పుడు మళ్లీ అవ్వ మాటే. వాళ్లకు కూలెంత ఇచ్చాడో పుస్తకంలో లేదు.

అవ్వకు దెయ్యాలంటే భయం లేదని మేము చాలాకాలం అనుకున్నాం. మా చిన్నతనంలో ఊరూరా తలుపుల మీద ‘ఓ స్త్రీ రేపు రా’ అని రాసుకున్న రోజులు వచ్చాయి. రాత్రిపూట ఒక ఆడ దెయ్యం వచ్చి పేరు పెట్టి పిలుస్తుందని, తలుపు మీద ఆ మాట చూస్తే వెనక్కి పోతుందని చెప్పుకునేవాళ్లు. మేమూ సుద్దముక్క తెచ్చి తడిక మీద రాశాం. తడిక మీద అక్షరం నిలవదు, అది వేరే సంగతి. ఏం రాశార్రా అని అవ్వ అడిగింది. చెప్పాం. మొదట నవ్వింది. తర్వాత, "మా నాయన కాలంలో పోలీసోనికి కూడా ఇట్ల రేపు రా అని రాసింటే బాగుండు" అంది.

ఆ మాట పట్టుకుని అడగ్గా అడగ్గా, కొన్నేళ్ల మీద, తునకలు తునకలుగా చెప్పింది. తక్కినది మేము చదివి తెలుసుకున్నాం. 1871లో తెల్లదొరలు నేరస్థ జాతుల చట్టం చేశారు. 1911లో అది మద్రాసు ప్రెసిడెన్సీకి వచ్చింది. కడప జిల్లా అప్పుడు అందులోదే. ఉప్పు, ధాన్యం గాడిదల మీద, ఎద్దుల మీద మోసి ఊరూరా అమ్మిన మావాళ్లకు రైలు వచ్చాక ఆ బేరం పోయింది. బేరం పోయి తిరిగేవాణ్ని దొంగ అన్నారు. పేర్లు రిజిస్టరు చేశారు, వేలిముద్రలు తీశారు, చెప్పిన వేళకు వచ్చి హాజరు చెప్పమన్నారు. ఊరు దాటితే తెలియజేయాలి. కొందరిని సెటిల్‌మెంట్లకు తోలారు. గుంటూరు వైపు స్టూవర్టుపురం, నెల్లూరు వైపు కావలి, కర్నూలు వైపు సిద్ధాపురం. మద్రాసులో 1947లో ఆ చట్టం తీసేశారు. దేశమంతటా పోయింది 1952 ఆగస్టు 31న. అవ్వ బాల్యమంతా దాని కింద గడిచింది. రాత్రి గుడిసె బయట పేరు పెట్టి పిలుపు వినబడితే ఆమె నాయన లేచి పోవాలి. లేకుంటే ఇంట్లో లేడని రాసుకుంటారు. ఒక్కోసారి పోయినవాడు తెల్లారినా వచ్చేవాడు కాదు.

అందుకే ముసలితనంలో కూడా, రాత్రి ఎవరైనా బయటి నుంచి పేరు పెట్టి పిలిస్తే అవ్వ పలికేది కాదు. ఊళ్లో వాళ్లూ మొదటి పిలుపుకు పలకరు, దెయ్యమేమోనని. రెండు ఇళ్లలో ఒకటే అలవాటు. భయాలు వేరు.

బొమ్మల నవలల సంగతి మాకు చాలా ఆలస్యంగా తెలిసింది. ఉద్యోగం వచ్చాక ఒక ఏడాది విజయవాడ పుస్తకాల పండగకు పోయాం. అక్కడ ఒక అంగట్లో ‘భీమాయన’ కనబడింది. అంబేడ్కర్ జీవితం. 2011లో నవయాన ప్రచురణ సంస్థ వేసింది. మాటలు శ్రీవిద్య నటరాజన్, ఎస్.ఆనంద్‌వి. బొమ్మలు దుర్గాబాయి వ్యామ్, సుభాష్ వ్యామ్‌లవి. ఈ ఇద్దరూ మధ్యప్రదేశ్ పర్ధాన్ గోండులు, భార్యాభర్తలు. ఆదివాసీలు గీసిన పుస్తకం! అంగట్లో నిలబడే సగం చదివేశాం. ఇంగ్లీషు పుస్తకం, మా ఇంగ్లీషు అంతంతమాత్రం. బొమ్మలకు ఇంగ్లీషు అవసరం పడలేదు.

మామూలు కామిక్స్‌లో గళ్లు ఉంటాయి. మనుషులు ఆ గళ్లలో ఇరుక్కుని మాట్లాడుతారు. వ్యామ్ దంపతులు మనుషులను గళ్లలో పెట్టబోమన్నారట. పేజీ అంతా తెరిచిన వాకిలిలాగా ఉంటుంది. గోండులు గోడల మీద, నేల మీద వేసే ముగ్గు వంపులే కథను విడదీస్తాయి. రైలు పాములా సాగుతుంది. నీళ్లు దొరకని పిల్లవాడి కథలో పేజీ నిండా చేపలు. ఇక మాటల బుడగలు. మెత్తగా మాట్లాడేవాళ్ల మాటలకు పిట్ట ఆకారం. కుట్టే మాటలకు తేలుతోక. మనసులో అనుకునే మాటకు ఒక కన్ను. ఇంత తేలికైన ఉపాయం మాకు ఎవరూ చెప్పలేదే అనిపించింది. హాస్టల్లో ఆ పిల్లవాడు అడిగిన ప్రశ్నను ఏ బుడగలో పెట్టాలి అని అక్కడే ఆలోచించాం. తేలుతోక పెట్టలేం, వాడు భయంతో అడిగాడు. పిట్టా కాదు.

నిజం చెప్పాలంటే, తులసిదళం కంటే ఎక్కువ భయం వేసింది ఈ పుస్తకానికే. 1901లో ఒక చిన్నపిల్లవాడు అన్నతో కలిసి రైలు దిగి, రాత్రంతా నీళ్ల కోసం అడుగుతూ ఎడ్లబండిలో పోతాడు. కులం తెలిసి ఎవరూ ఇవ్వరు. అందులో దెయ్యం లేదు, శ్మశానం లేదు. చీకటి, దాహం, ఎదురొచ్చే మనుషులు. చదివాక రాత్రి లేచి నీళ్లు తాగాం. ఆర్ట్ స్పీగెల్‌మన్ ‘మౌస్’ తర్వాత ఒక మిత్రుడు ఇస్తే చూశాం. హిట్లర్ మరణశిబిరాల నుంచి బతికొచ్చిన తండ్రిని కొడుకు కూర్చోబెట్టి అడుగుతాడు, చెప్పినదాన్ని బొమ్మల్లో పెడతాడు. యూదులు ఎలుకలు, నాజీలు పిల్లులు. మా సెటిల్‌మెంట్లూ ఆ శిబిరాలూ ఒకటేనని అనడం లేదు, అలా అనడం తప్పు. ఆ కొడుకు అడిగే తీరు మాత్రం మాకు పని నేర్పింది. ముసలాయన విసుక్కుంటాడు, మాట దాటేస్తాడు, కొడుకు మళ్లీ వస్తాడు. మేము అవ్వను అంత ఓపికగా అడిగి ఉండాల్సింది. ఆమె పోయాక గుర్తొచ్చే ప్రశ్నలే ఎక్కువ.

ఇక మా తరగతి. సోమవారం ఆ పిల్లను పక్కకు పిలిచి, నెమ్మదిగా అడిగాం.

"ఈ బుట్ట యాడ చూసినావు పాపా?"

"పక్కనోడు గీసినాడు సార్. వానిది చూసి గీసినా."

"మీ అవ్వకు కూడా ఇట్లాంటి బుట్ట ఉంది కదా?"

పిల్ల బొమ్మ వైపు చూసింది. చాలాసేపు చూసింది. అంతవరకు ఆ పిల్లకు ఆ రెండు బుట్టలూ ఒకటని తట్టలేదు. మేమే తట్టేలా చేశాం. మంచిపని చేశామో లేదో ఇప్పటికీ తెలియదు. కాగితం అడిగి తీసుకుని, మడిచి జామెట్రీ పెట్టెలో పెట్టుకుంది.

పక్కనోణ్ని కూడా పిలిచాం. వాళ్ల ఇంట్లో అన్నం తినకుంటే ‘సోదిదానికి పట్టిస్తా’ అని బెదిరిస్తారట. వాడి తప్పేముంది?

మాతో పనిచేసే మేడమ్ ఇక దెయ్యాల కథలు బడిలో వద్దు అన్నారు. మేము ఒప్పుకోలేదు. పిల్లలు ఇంటికి పోయి ఫోన్లో చూస్తారు, చూడక మానరు. భయపడటం ఒక రుచి, కారం లాంటిది. బేతాళుడు లేకుంటే మేము చదువరులమే కాము. టీచర్లుగా మనం అడగాల్సింది ఒక్కటే అని ఆమెతో వాదించాం. ఈ కథలో దెయ్యం వేషం ఎవరికి ఇచ్చారు, ఎందుకిచ్చారు? ఐదో తరగతి పిల్లలకు ఆ ప్రశ్న అర్థమవుతుంది. మా అవ్వకు ఏ తరగతీ చదవకుండానే అర్థమైంది.

తర్వాతి శనివారం చార్టులు తెచ్చాం. మీ ఇంట్లో పెద్దవాళ్లు బాగా భయపడిన ఒక రాత్రి గురించి అడిగి తెలుసుకుని రండి, బొమ్మల కథ గీద్దాం అని ముందే చెప్పి ఉంచాం. గళ్లు వద్దన్నాం. పిట్ట బుడగ, తేలు బుడగ బోర్డు మీద గీసి చూపించాం. వాళ్లు సొంతంగా ఇంకో రెండు కనిపెట్టారు, అరిచే మాటకు కుక్క నోరు, అబద్ధానికి తొండ.

ఆ చార్టులు చూడాలి మీరు. ఒక యానాది పిల్లవాడు 2021 నవంబరులో అన్నమయ్య డ్యాం తెగిన తెల్లవారుజామును గీశాడు. రాజంపేట వైపు వాళ్ల మేనమామ ఇల్లు. నీళ్లకు కళ్లు, పళ్లు పెట్టాడు. ఒక సుగాలి పాప వాళ్ల తాత దారి తప్పి కొండలో గడిపిన రాత్రి గీసింది. ఒక రెడ్ల పిల్లవాడు వాళ్ల నాయన బోరు వేయించిన రాత్రి గీశాడు. నాలుగు వందల అడుగులు పోయినా దుమ్మే లేస్తోంది, పక్కన అప్పిచ్చినాయన నిలబడి ఉన్నాడు. తేలుతోక ఎవరికి పెట్టాలో తేలక, చివరికి బోరు లారీకి పెట్టాడు.

మా ఎరుకల పిల్ల అన్నింటికంటే ఆలస్యంగా ముగించింది. పొద్దుగూకే దారి, దారిలో వాళ్ల అవ్వ, చంకలో అదే బుట్ట, అదే బొట్టు. వెంట కుక్కలు. రెండువైపులా ఇళ్లు, ఇళ్ల తలుపులు మూసుకుంటున్నాయి, తలుపుల సందుల్లోంచి తేలుతోకల మాటలు. అవ్వ ముఖంలో భయం ఎంత బాగా వేసిందో చెప్పలేం. కళ్లు రెండు చుక్కలే, అంతే. అవ్వ నోటి దగ్గర పిట్ట బుడగ గీసి, లోపల ఏమీ రాయకుండా వదిలేసింది.

"ఏం రాయలేదే?"

"అవ్వ ఒక్కతే నడిచేటప్పుడు మన మాటలోనే మాట్లాడుకుంటాది సార్. దానికి అక్షరాలు లేవు కదా."

కుర్రు మాటకు తెలుగు అక్షరాలు వాడుకోవచ్చు, ఎట్ల వినబడితే అట్ల రాయి అన్నాం. పెన్సిలు నోట్లో పెట్టుకుని ఆలోచించి, ఒక్క మాట రాసింది. పక్కనోడు వంగి చూసి, కూడబలుక్కుని చదివాడు. అర్థం చెప్పమని అడిగాడు. ఆ పిల్ల చెప్పలేదు.